తప్పిన ఫలితం తర్వాత
ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం

1947 నాటికి బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడి ముందు ఒక చేదు ఫలితం ఉంది. లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఆయన ఫోలిక్ యాసిడ్ జాతి మందులు ఇచ్చి చూశారు. కొన్ని రకాల రక్తహీనతకు ఫోలిక్ యాసిడ్ చక్కగా పనిచేస్తోందని అప్పటికే తేలింది. రక్తానికే వచ్చిన ఈ జబ్బులోనూ కాస్త మేలు చేస్తుందేమోనని ఆశపడ్డారు. జరిగింది వేరు. మందు పడిన పిల్లల్లో జబ్బు తగ్గకపోగా ఇంకా ఊపందుకున్నట్టు కనిపించింది.

అక్కడితో ఆపేయడానికి కావలసినన్ని కారణాలున్నాయి. ఫార్బర్ ఆపలేదు. ఫోలిక్ యాసిడ్ ఈ జబ్బుకు బలం ఇస్తున్నదంటే, ఆ బలం అందకుండా చేస్తే ఏమవుతుందని అడిగారు. దానికి, చూడటానికి ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి, దాని పని జరగకుండా అడ్డుపడే పదార్థం కావాలి. అలాంటివి న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లోని లెడర్లీ ప్రయోగశాలలో తయారవుతున్నాయి. అక్కడి నుంచి వచ్చిన అమినోప్టెరిన్‌ను 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో గుణం కనిపించింది. ఆ గుణం ఎక్కువకాలం నిలవలేదు, జబ్బు తిరగబెట్టింది. అయినా 1948 జూన్‌లో ఆ వివరాలు అచ్చయ్యాక, పిల్లల లుకేమియాను మందుతో కదిలించలేమన్న మాట చెల్లకుండా పోయింది. ఇవాళ క్యాన్సర్ వార్డుల్లో కీమోథెరపీ అని పిలిచే వైద్యం మొదలైన చోట్లలో అదొకటి.

ఆ మందు తయారైన ప్రయోగశాలలో పరిశోధనకు అధిపతి ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టినవాడు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పినవాడు.

ఆయన పేరు మీద జరిగే ఉపన్యాసంలో విజయానికి కావలసిన దృక్పథం గురించి మాట్లాడటం సహజం. అయితే ఆ మాట చుట్టూ ఇప్పుడు చాలా గట్టి గొంతులున్నాయి. నమ్మితే చాలు సాధిస్తావని, లోపల నిప్పు ఉంటే చాలునని, వద్దన్నవాళ్లను పట్టించుకోవద్దని పిల్లలకు రోజూ చెబుతున్నారు. సుబ్బారావు జీవితాన్ని దగ్గరగా చూస్తే ఈ మాటల్లో ఏదీ ఆయనకు సరిపోదు. ఆయనకు తన మీద తనకు అపారమైన నమ్మకం ఉందనడానికి పెద్దగా ఆధారాలు లేవు. ఉన్నదల్లా ఒక పని తీరు. అనుకున్నది తప్పినప్పుడు ఆ తప్పిన చోటే కూర్చుని, ఇది ఇలా ఎందుకయింది, ఇక్కడి నుంచి ఇంకేం చేయవచ్చు అని చూడటం. దానికి తోడు, అలా చూసే తీరికను ఆయనకు కల్పించిన మనుషులు కొందరున్నారు. ఈ రెండూ కలిస్తేనే దృక్పథం అనేది మనిషికి అక్కరకు వస్తుందన్నది ఈ ఉపన్యాసం చెప్పదలచిన సంగతి.

సుబ్బారావు తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఇల్లు గడవడం కష్టంగా ఉండేది. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు ఇంట్లో చెప్పకుండా బయల్దేరాడు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలన్నది పథకం. తల్లి వెంకమ్మ మనిషిని పంపించి దారిలోనే పట్టుకుని వెనక్కి రప్పించింది, మళ్లీ బడికి పంపింది. చదువు రాజమహేంద్రవరంలో సాగి సాగి, చివరికి మద్రాసు తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కింది. అతని చదువుకోసం వెంకమ్మ నగలు అమ్మిందని జీవిత చరిత్ర రాసినవాళ్లు చెబుతారు.

ఇక్కడ కాసేపు నిలబడాలి. రెండుసార్లు తప్పిన కుర్రవాడు పట్టుదలతో మూడోసారి గెలిచాడని కథ చెప్పేయడం సులువు. కానీ ఆ మూడో ప్రయత్నం అతని ఒక్కడి పట్టుదల కాదు. రెండుసార్లు తప్పాక కూడా వీడికి చదువు రాదని తీర్మానించని ఒక తల్లి ఉంది. ఆ రోజుల్లో భర్త సంపాదన అంతంత మాత్రంగా ఉన్న ఇంట్లో, తప్పిన పిల్లవాడి మీద మళ్లీ డబ్బు పెట్టడం ఎంత పెద్ద నిర్ణయమో ఇవాళ ఇంటర్ తప్పిన పిల్లల తల్లులకు వేరే చెప్పనక్కర్లేదు.

ప్రెసిడెన్సీ కాలేజీలో చదివేటప్పుడు ఆ యువకుడి మనసు రామకృష్ణ మఠం వైపు తిరిగింది. సన్యాసం తీసుకుంటానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. ఆమె అనుమతి లేనిదే చేర్చుకోమని మఠం వాళ్లు కూడా చెప్పారు. సేవ చేయాలనుకుంటే వైద్యం చదవమన్న సలహా అక్కడి నుంచే వచ్చింది. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. స్నేహితులు సాయం చేశారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి అనే పెద్దమనిషి ఖర్చు భరించాడు. తర్వాత ఆయన కూతురు శేషగిరినే సుబ్బారావు పెళ్లి చేసుకున్నాడు.

అవి గాంధీజీ విదేశీ వస్త్రాలు వదలమన్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌లోకి కూడా ఖద్దరు తొడుక్కుని వెళ్లాడు. శస్త్రచికిత్స చెప్పే ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా ఎంబీబీఎస్ రాలేదు. అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నిస్తే అదీ దొరకలేదు.

పెద్ద డిగ్రీ పోయింది, సర్కారు కొలువు పోయింది. మిగిలిన ఒకే తలుపు ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాల. అక్కడ శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే పని. తక్కువ చోటు దొరికిందని ముఖం ముడుచుకుని రోజులు వెళ్లదీసేవాళ్లను అందరూ చూసే ఉంటారు. సుబ్బారావు ఆ చోటును మరో రకంగా వాడుకున్నారు. ఆయుర్వేదం మందులు కొన్ని జబ్బుల్లో ఎందుకు పనిచేస్తున్నాయి, వాటిని ఆధునిక పద్ధతిలో పరీక్షించలేమా అన్న ప్రశ్న ఆయనకు అక్కడే పట్టుకుంది. ఎంబీబీఎస్ వచ్చి సర్కారు ఆసుపత్రిలో కుదురుకుని ఉంటే ఆ ప్రశ్నకు తీరికే ఉండేది కాదు. ఇది విధి చేసిన మేలని చెప్పడం అన్యాయం. ఖద్దరు కట్టినందుకు డిగ్రీ తగ్గించడం అన్యాయమే, అది ఎన్నటికీ మేలు కాదు. ఆ అన్యాయం తర్వాత ఆయన చేసిన పని మాత్రం ఆయనది.

ఆ ప్రశ్న వెనక ఒక దుఃఖం కూడా ఉంది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ముల్లో ఇద్దరిని తీసుకుపోయింది. తిన్నది ఒంటికి పట్టకుండా విరేచనాలతో మనిషి చిక్కి శల్యమై, రక్తం పలచబడి పోతాడు. అప్పటికి దానికి మందు లేదు. ఉష్ణమండల వ్యాధుల గురించి చదవాలని సుబ్బారావు హార్వర్డ్‌కు దరఖాస్తు పెట్టారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. మామగారు కొంత డబ్బు పోగుచేశారు. అలా బోస్టన్‌లో దిగారు. ఎల్ఎంఎస్‌తో వచ్చినవాడికి అక్కడ వైద్యుడి పని ఇవ్వరు. ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేస్తూ పగలు చదువుకున్నారు. డిప్లొమా వచ్చింది. ఆ తర్వాత హార్వర్డ్ వైద్య కళాశాలలో జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు.

ఫిస్క్ ఇచ్చిన పని వినడానికి గొప్పగా ఉండదు. రక్తంలోనూ మూత్రంలోనూ కండరంలోనూ భాస్వరం ఎంత ఉందో కచ్చితంగా కొలిచే పద్ధతి తయారుచేయాలి. నమూనాకు ఆమ్లం, మోలిబ్డేట్ కలిపి, ఆ మీద మరో రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఉంటే నీలం అంత చిక్కన. దాన్ని తెలిసిన ద్రావణం రంగుతో పోల్చి లెక్క కట్టాలి. 1925లో ఈ పద్ధతి అచ్చయింది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ జీవరసాయన విద్యార్థులు నేర్చుకుంటారు. ప్రపంచ వైజ్ఞానిక సాహిత్యంలో ఎక్కువసార్లు ప్రస్తావించిన వ్యాసాల్లో అదొకటి.

అసలు కథ తర్వాత నడిచింది. కండరం నుంచి తీసిన ద్రవాన్ని ఈ పద్ధతితో పరీక్షిస్తే నీలిరంగు రావలసిన వేళకు రాలేదు. మెల్లగా, ఆలస్యంగా చిక్కబడుతూ పోయింది. తొందరలో ఉన్నవాడయితే రసాయనం పాడైందని పారబోసి కొత్తది కలుపుతాడు. వీళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. రంగు మెల్లగా వస్తున్నదంటే భాస్వరం మెల్లగా విడుదలవుతున్నదన్నమాట. అంటే కండరంలో అది దేనితోనో వదులుగా ముడిపడి ఉంది. ఆ ముడిని వెతికితే ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1927లో ప్రకటించారు. అదే ఏడాది ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా వేరే దారిలో ఇదే పదార్థం జాడ పట్టారు. కండరం పని చేసినప్పుడు ఇది తరుగుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ చేరుతుంది. 1929లో కండరానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం గురించి ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దాన్ని కనుక్కున్నారు. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం వల్ల వస్తుందని హిల్, మయర్‌హాఫ్ అనే శాస్త్రవేత్తల పని మీద స్థిరపడి ఉన్న సిద్ధాంతం, నోబెల్ బహుమతి గౌరవం ఉన్న సిద్ధాంతం, ఈ దెబ్బతో కదిలిపోయింది. ఇవాళ జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లు కొనుక్కునే క్రియాటిన్ డబ్బా వెనక, రావలసిన వేళకు రాని ఆ నీలిరంగు ఉంది.

ఫార్బర్ వార్డులో జరిగినదీ, హార్వర్డ్ గాజు గొట్టంలో జరిగినదీ ఒకే తరహా సంగతి. అనుకున్న ఫలితం రాలేదు. రాని ఫలితాన్ని పనికిరాదని పారేయలేదు, పరువు తక్కువగానూ చూడలేదు. ఏదో చెబుతోంది, విందాం అనుకున్నారు. ఈ అలవాటును మనస్తత్వ శాస్త్రం ఇటీవల చాలా పరిశీలించింది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యురాలు కెరొల్ డ్వెక్ పేరు ఇందులో ముందు వస్తుంది. 1998లో ఆమె, క్లాడియా ముల్లర్ కలిసి అయిదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగాలు ప్రకటించారు. పిల్లలు కొన్ని పజిళ్లు చేశాక కొందరితో నువ్వు తెలివైనవాడివి అన్నారు, కొందరితో నువ్వు బాగా కష్టపడ్డావు అన్నారు. తెలివిని మెచ్చుకున్న పిల్లలు తర్వాత పేరు పోదనుకున్న సులువైన పని వైపు మొగ్గారు. కష్టమైన పజిళ్లలో దెబ్బతిన్నాక వాళ్ల ఉత్సాహం తగ్గింది. తమ మార్కులు మరొకరికి రాసి చెప్పమంటే ఎక్కువ వేసి రాసినవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ. కష్టాన్ని మెచ్చుకున్న పిల్లలు కొత్తది నేర్పే పనినే ఎంచుకున్నారు.

మన ఇళ్లలో ఇది పెద్ద పాఠం. మా వాడు పుట్టుకతోనే బ్రెయినీ అని చుట్టాల ముందు చెప్పడం ప్రేమతోనే. కానీ ఆ పేరు నిలబెట్టుకోవలసిన బరువు పిల్లవాడి మీద పడుతుంది. పేరు పోతుందేమోనన్న భయంతో కొత్త లెక్క జోలికి పోడు.

డ్వెక్ 2006లో రాసిన పుస్తకం ప్రపంచమంతా చేరింది. చేరిన వేగంలో అసలు సంగతి కొంత పలచబడింది. అందులోని ఎదిగే మనస్తత్వం అనే మాట పోస్టర్లకు, శిక్షణ తరగతులకు, కంపెనీల ప్రసంగాలకు ఎక్కింది. నిజంగా అది ఎంత మేలు చేస్తుందో తేల్చడానికి అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. తొమ్మిదో తరగతి విద్యార్థులు 12,000 మందికి పైగా పాల్గొన్నారు. బుద్ధి అభ్యాసంతో పెరుగుతుందని చెప్పే, గంటలోపే ముగిసే ఆన్‌లైన్ పాఠం కొందరికి ఇచ్చారు. 2019లో నేచర్ పత్రికలో ఫలితం వచ్చింది. చదువులో వెనకబడ్డ పిల్లల గ్రేడు సగటున సుమారు 0.1 పాయింటు పెరిగింది. గంట పాఠానికి అది మంచి ఫలితమే, అద్భుతం మాత్రం కాదు. అంతకంటే విలువైన సంగతి ఇంకొకటి తేలింది. కష్టమైన పనికి పూనుకోవడాన్ని తోటి పిల్లలు మెచ్చుకునే బడుల్లో ఆ పాఠం బాగా పనిచేసింది. అలాంటి వాతావరణం లేని చోట అంతగా ఫలించలేదు.

అంటే వెంకమ్మ గురించీ, కాకినాడ ధర్మసంస్థ గురించీ ముందు చెప్పుకున్నది కేవలం కృతజ్ఞత కోసం చెప్పుకున్న మాట కాదు. మనిషి లోపలి వైఖరికి బయట నేల కావాలి. తప్పును గురించి మాట్లాడనివ్వని చోట, తప్పు నుంచి నేర్చుకోమని చెప్పే ఉపదేశం గాలికి పోతుంది.

2019 ఏప్రిల్‌ను తెలుగువాళ్లు మరచిపోకూడదు. తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల నమోదులో పొరపాట్లు జరిగాయని బయటపడింది, తప్పినవాళ్లందరి జవాబు పత్రాలనూ ఉచితంగా మళ్లీ పరిశీలించవలసి వచ్చింది. ఆ పిల్లలకు దృక్పథం లేదని ఎవరూ అనకూడదు. తప్పడం అంటే ఒక పరీక్ష తప్పడమే, మనిషి తప్పిపోవడం కాదని వాళ్లకు రోజూ తెలిసేలా మన ఇళ్లూ కాలేజీలూ నడవలేదు. ఫలితాల రోజు పేపర్లలో ర్యాంకర్ల ఫోటోల పేజీలు వస్తాయి. సప్లిమెంటరీ రాసి గట్టెక్కిన పిల్లల మాట ఏ పేజీలోనూ ఉండదు. భీమవరం కుర్రవాడు ఈ రోజుల్లో పుట్టి ఉంటే రెండో ప్రయత్నం తర్వాత ఎక్కడ తేలేవాడో ఊహించుకోవడం బాధగా ఉంటుంది.

మళ్లీ హార్వర్డ్‌కు వస్తే, 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. శాశ్వతమైన ఆచార్య పదవి మాత్రం ఎన్నటికీ రాలేదు. పౌరసత్వానికీ దారి లేదు, భారతీయులు దానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు 1923లోనే తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారేదాకా అదే పరిస్థితి. ఆయన పనిలో కొంత భాగాన్ని వెలుగు చూడనివ్వలేదని, దానికి అసూయే కారణం కావచ్చునని, అదే విభాగంలో చదువుకుని తర్వాత నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ అన్నట్టు నమోదై ఉంది. ఈ గాయాల గురించి సుబ్బారావు ఊరూరా చెప్పుకోలేదు. 1940లో, నలభై అయిదేళ్ల వయసులో, విశ్వవిద్యాలయం వదిలి లెడర్లీ కంపెనీలో చేరారు. విద్వాంసుడు మందుల కంపెనీకి వెళ్లడాన్ని తక్కువగా చూసే కాలం అది.

అక్కడి ఎనిమిదేళ్లలో ఆయన నడిపిన పని జాబితా చూస్తే ఒక మనిషి బతుకులో ఇన్ని పట్టాయా అనిపిస్తుంది. ఫోలిక్ యాసిడ్ నిర్మాణం తేల్చి కృత్రిమంగా తయారుచేయడం ఒకటి. 1945లో ఆ ప్రకటన వెలువడింది. దాని వెనక సుబ్బారావుకంటే ముందు లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు ఉంది. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతకు ఈస్టు సారంతో గుణం కనిపిస్తోందని ఆమె 1931లోనే రాసింది. ఈస్టులోనూ కాలేయంలోనూ ఉన్న ఆ పదార్థమేమిటో తేలడానికి ఇన్నేళ్లు పట్టింది. ఫోలిక్ యాసిడ్ చేతికి వచ్చాక టామ్ స్పైస్ అనే వైద్యుడు క్యూబాలోనూ ప్యూర్టోరికోలోనూ స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. వాళ్లు కోలుకున్నారు. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకు, రెండు దశాబ్దాలు దాటాక, ఆయన ప్రయోగశాల నుంచి మందు బయల్దేరింది. ఇవాళ మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఐరన్‌తో పాటు ఉన్నది ఆ ఫోలిక్ యాసిడే.

మరొకటి బోదకాలు మందు హెట్రజాన్, అంటే డీఈసీ. 1947లో బయటికొచ్చింది. బోదకాలు వ్యాధి గోదావరి జిల్లాలకు కొత్త కాదు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే బోదకాలు మాత్రల్లో ఇప్పటికీ ఈ డీఈసీ ఉంటుంది. ఆ మాత్ర భీమవరం వాడి ప్రయోగశాల నుంచి వచ్చిందని తెలిసిన ఇళ్లు బహుశా కొన్నే.

మూడోది ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్. దీని కథలో మనుషుల్ని ఎంచుకునే తీరు కనిపిస్తుంది. బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసి డెబ్బై దాటినవాడు. 1944లో ఆయనను లెడర్లీ పనిలోకి తీసుకుంది. ఎక్కడెక్కడి నుంచో మట్టి తెప్పించి అందులోని సూక్ష్మజీవుల్ని పెంచి చూడటం ఆయన పని. మిస్సోరీ విశ్వవిద్యాలయం సాన్‌బోర్న్ పొలం మట్టిలో దొరికిన ఒక జీవి నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. 1948లో ప్రకటించేనాటికి డగ్గర్‌కు డెబ్బై అయిదేళ్లు దాటాయి. ముప్పై అయిదు దాటితే కొత్త టెక్నాలజీ ఎక్కదని ఐటీ కంపెనీల్లో భయపడేవాళ్లు ఆ వయసును ఒకసారి గుర్తుంచుకుంటే మంచిది.

ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో గుండె ఆగి చనిపోయారు. యాభై మూడేళ్లు. అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ ఆయన తర్వాత లుకేమియాకు ప్రధాన మందుల్లో ఒకటిగా నిలిచింది, కీళ్లవాతానికి కూడా వాడుతున్నారు. భారత ప్రభుత్వం 1995లో ఆయన శతజయంతికి తపాలా బిళ్ల వేసింది. 2010లో సిద్ధార్థ ముఖర్జీ క్యాన్సర్ చరిత్ర రాస్తూ ఆయన గురించి చెప్పేదాకా, బయటి ప్రపంచంలో చాలామందికి ఆ పేరు తెలియదు.

ఎందుకు తెలియలేదు అన్నది ఇక్కడున్న యువతకు అవసరమైన ప్రశ్న. ఫోలిక్ యాసిడ్ వ్యాసంలో ఆయన పేరు చాలామంది మధ్య ఒకటిగా ఉంది. మొదటి పేరు రాబర్ట్ ఆంజియర్‌ది. కుర్రవాళ్లను ముందు నిలిపి తాను వెనక నిలబడటం ఆయన స్వభావం. అది చాలా గొప్ప గుణం, ఆయన దగ్గర పనిచేసినవాళ్లు ఎదగడానికి అదే కారణం. అయినా ఆ గుణాన్ని పూర్తిగా అనుసరించమని పిల్లలకు చెప్పడం ఈ ఉపన్యాసకుడి ఉద్దేశం కాదు. చేసిన పని చేసినట్టు రాసిపెట్టుకోవాలి. ఏ ప్రాజెక్టులో ఏ భాగం తనదో కాగితం మీద ఉండాలి. అది డప్పు కొట్టుకోవడం కాదు. ముఖ్యంగా ఆడపిల్లలూ, చిన్న ఊళ్ల నుంచి మొదటి తరంలో చదువుకుని వచ్చినవాళ్లూ అప్రైజల్ గదిలో తమ పని చెప్పుకోలేక నష్టపోతుంటారు. వాళ్లకు వినయం నేర్పనక్కర్లేదు, అది వాళ్ల దగ్గర ముందే ఉంది.

ఇంకొక సంగతి దాచకూడదు. మూడేళ్లలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి వెళ్లిన సుబ్బారావు ఎన్నటికీ రాలేదు. శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. పని మీద అంత ఏకాగ్రత ఉన్న మనిషి దాని ఖరీదు మరొకరి బతుకులోంచి చెల్లించాడు. విజయాన్ని గురించి మాట్లాడే సభల్లో ఇలాంటి ఖరీదు ఎప్పుడూ మాటకు రాదు. మామగారు పోగుచేసిన డబ్బు, భార్య ఎదురుచూసిన ఏళ్లు కూడా ఆ పరిశోధనకు పెట్టుబడే. ఆయన మీద గౌరవం ఉన్నవాళ్లే ఈ మాట చెప్పాలి. ఇవాళ అమెరికా వెళ్లే పిల్లలకూ, వాళ్ల కోసం ఇక్కడ ఎదురుచూసేవాళ్లకూ ఇది పాత కథ కాదు.

మరి కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు రేపటి నుంచి ఏం చేయగలడు? సుబ్బారావు ప్రయోగశాల నుంచి నేరుగా తీసుకోగలిగినది ఒకటుంది. పని చెడినప్పుడు చెడిందని రాయడం. కోడ్ ఎక్కడ ఆగింది, ఏం అనుకుని రాశాం, ఏం జరిగింది, ఆ తేడా ఎందుకొచ్చి ఉంటుంది. నీలిరంగు ఆలస్యంగా వచ్చిందని రాసిపెట్టుకున్నందుకే అది తర్వాత పనికొచ్చింది. ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూర్చోబెట్టిన నెలల్లో, బ్యాక్‌లాగ్ సబ్జెక్టు మళ్లీ రాసే సెమిస్టర్‌లో, ఈ రాత అలవాటు ఉన్నవాడికీ లేనివాడికీ తేడా త్వరలోనే కనిపిస్తుంది. మనసును ఉత్సాహంగా ఉంచుకోమనే సలహాకంటే ఇది చేయడం సులువు. ఉత్సాహం లేని రోజున కూడా రాయవచ్చు.

తక్కువ చోటు దొరికినప్పుడు ఏం చేయాలన్నది మరొకటి. ఆయుర్వేద కళాశాల, రాత్రి పోర్టరు పని, భాస్వరం కొలత, మందుల కంపెనీ. ఏదీ ఆయన కోరుకున్నది కాదు, కోరుకున్నవి చాలావరకు దక్కలేదు. ప్రతి చోటా అక్కడ మాత్రమే అడగగలిగే ప్రశ్న ఒకటి ఆయనకు కనిపించింది. ప్రభుత్వ బడిలో మొదటి పోస్టింగు మారుమూల మండలానికి పడ్డ టీచరుకూ, పెద్ద కంపెనీ ఆఫర్ తప్పిపోయి చిన్న యూనిట్‌లో చేరిన ఫార్మసీ పట్టభద్రుడికీ ఇది వర్తిస్తుంది. అయితే అక్కడ జరిగే అన్యాయాన్ని నోరు మూసుకుని భరించమని దీని అర్థం కాదు. ఖద్దరు విప్పి ఉంటే ఎంబీబీఎస్ వచ్చేది. సుబ్బారావు ఖద్దరు విప్పలేదు.

చివరిగా, ఈ సభలో ఉన్న ప్రిన్సిపాళ్లకూ, అధ్యాపకులకూ, టీమ్ లీడర్లకూ ఒక విన్నపం. పిల్లల దృక్పథం మార్చాలని శిక్షకులను పిలిపించి ఒక పూట తరగతి పెట్టించడం తప్పు కాదు. దానికి ముందు మీ చేతిలో ఉన్న పని చేయండి. ఫలితాల రోజు మధ్యాహ్నం తప్పినవాళ్ల జాబితా తీసుకుని సాయంత్రానికి ప్రతి ఇంటికీ ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. మార్కులు చెప్పడానికి కాదు, సప్లిమెంటరీ ఫీజు గడువు ఎప్పుడో, ఏ పాఠాలు ఎవరు చెబుతారో, రేపు ఎన్నింటికి రావాలో చెప్పడానికి. ఫోన్ ఎత్తింది తల్లి అయితే ఆమెతోనూ రెండు నిమిషాలు మాట్లాడండి. ఆఫీసుల్లో అయితే, ప్రాజెక్టు చెడిన వారంలోనే ఏం నేర్చుకున్నామన్న సమావేశం పెట్టి, అందులో ముందు పెద్దవాళ్లు తమ తప్పు చెప్పాలి. కాకినాడ ధర్మసంస్థలాగా, ఊళ్లో స్థోమత ఉన్నవాళ్లు ఇచ్చే స్కాలర్‌షిప్పుల్లో కొన్నయినా మొదటి ర్యాంకు వాళ్లకు కాకుండా రెండో ప్రయత్నంలో నెగ్గినవాళ్లకని రాయండి. దరఖాస్తులో ఎన్నిసార్లు తప్పారన్న గడి కూడా ఉంచండి, దాన్ని నింపడానికి పిల్లలు సిగ్గుపడనవసరం లేదని కింద ఒక వాక్యం చేర్చండి.